గోడ ఎవరిది? బొమ్మ ఎవరిది?

మా చిన్నాయన రాసిన అక్షరాలు పుంగనూరు చుట్టుపక్కల గోడల మీద ఇరవై ఏండ్లు ఉండినాయి. ఆయన పేరు మాత్రం ఆ గోడల్లో ఒక్కదాని మీదా లేదు.

ఎలక్షన్లొస్తే ఆయనకి చేతినిండా పని. సుద్దలో ముంచిన దారాన్ని గోడకి అటొకరు ఇటొకరు పట్టుకుని లాగి వదిలితే తెల్లటి గీత పడేది. అటు కొస పట్టుకునేది నేను. 1999 ఎలక్షన్లప్పుడు నాకు పదేండ్లు. గీత మీద అక్షరం, అక్షరం పక్కన గుర్తు. ఏ పార్టీ కూలిస్తే ఆ పార్టీ గుర్తు. మంచి గోడలకి ముందే సున్నం కొట్టి, పలానా పార్టీకి రిజర్వు అని మూలన రాయించి పెట్టుకునేవాళ్లు. ఆ రిజర్వేషన్‌కి మెరిట్ ఎంత అని ఏ పెద్దమనిషీ అడిగిన పాపాన పోలేదు.

ఏ ఇంటి గోడకి రాసినాడో ఆ ఇంటి గడప చిన్నాయన తొక్కలేదు. పని మధ్యలో దప్పికైతే పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. దోసిలి పట్టి తాగేవాళ్లం. నాకది అప్పుడు అవమానమని తెలీదు. చిన్నాయన వేళ్లకంటిన రంగు నీళ్లలో కలిసి మోచేతి దాకా కారేది. అది మాత్రం ఇప్పటికీ కండ్లముందుంది.

ఒక ఏప్రిల్ 14కి మా అరుంధతివాడలో కమ్యూనిటీ హాలు గోడ మీద ఆయన అంబేద్కర్ బొమ్మ వేసినాడు. క్యాలెండరు చూసి గళ్లు గీసుకుని, రెండు దినాలు కష్టపడినాడు. నీలం కోటు, చేతిలో పుస్తకం, చాచిన కుడిచెయ్యి. అయితే చెయ్యి కొలత తప్పింది. మోకాలి కిందకి వచ్చేంత పొడుగుంది. డ్రాయింగు తెలిసిన ఒక సారు చూసి నవ్వినాడు. చిన్నాయన నొచ్చుకోలేదు. "నేను గుర్తులు రాసేటోణ్ణి సార్. మనిషిని రాయడం ఇదే మొదులు" అన్నాడు.

ఆ మాట దగ్గరే నా విమర్శ మొదలవుతుంది.

1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పటి నుంచి మనం కవిత్వం మీద పుట్లకొద్దీ రాసుకున్నాం. కథ మీద రాసుకున్నాం. పాట మీద, డప్పు మీద రాసుకున్నాం. బొమ్మ మీద రాసుకున్నది తక్కువ. బొమ్మని అట్ట మీద వేసుకుంటాం, సభలో వెనకాల కట్టుకుంటాం, సభ అయినాక చుట్టేస్తాం. బొమ్మ కూడా ఆలోచిస్తుందని, అది కూడా ఒక వాదం చేస్తుందని పట్టించుకోలేదు. అగ్రవర్ణ కళావిమర్శ గీత గురించి, రంగు గురించి, కొలత గురించి అడుగుతుంది. నేను అడిగేవి మూడే. ఆ బొమ్మ ఎవరు వేశారు? గోడ ఎవరిది? కూలి ఎవరిచ్చారు? మా చిన్నాయన విషయంలో మొదటిదానికి మాత్రమే జవాబు మావైపు ఉండింది. అదీ సంతకం లేని జవాబు.

1997లో ఆంధ్రప్రదేశ్‌లో గోడలు, బహిరంగ స్థలాలు ఖరాబు చేయకూడదని చట్టం వచ్చింది. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. చట్టం కంటే ఫ్లెక్సీయే మా చిన్నాయన కుంచెని గట్టిగా కొట్టింది. ఇప్పుడు ఆయన లేడు. హాలుకి కొత్తగా సున్నం కొట్టినప్పుడు ఆ పొడుగు చెయ్యి కూడా పోయింది.

*

మదనపల్లె అంటే అందరూ 1919లో రవీంద్రుడు అక్కడ జనగణమనని ఇంగ్లీషులోకి మార్చిన సంగతి చెప్తారు. నాకు మదనపల్లె అంటే డిగ్రీ చదివేటప్పుడు పాత పుస్తకాల దగ్గర దొరికిన చందమామలు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇంట్లో పుస్తకాలు లేవు కాబట్టి, చిన్నప్పుడు చదవాల్సినవి ఇరవై ఏండ్ల వయసులో చదివినాను.

1947 జులైలో మొదలైన ఆ పత్రిక బొమ్మల్ని నేను తక్కువ చేయను. శంకర్ వేసిన విక్రమార్కుడు, భేతాళుడు చూసి గంటలు గంటలు కూర్చున్నాను. అయితే ఎంత వెతికినా నాకు దొరికిన సంచికల్లో మా పల్లె లేదు. కోట ఉంది, గుడి ఉంది, పూటకూళ్లమ్మ ఇల్లుంది. శ్మశానం కూడా ఉంది. ఆ శ్మశానంలో పని చేసే మనిషి మాత్రం లేడు. శవాన్ని మోసేది కూడా రాజే. మనం తరతరాలుగా చేసిన పనిని కూడా బొమ్మలో మనకి మిగల్చలేదు.

ఇట్లా చూసింది నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది. విజయవాడలో పెరిగిన ఉన్నమాటి శ్యామసుందర్ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆ చందమామ బొమ్మల మీదే పరిశోధన చేశాడు. తనూ కార్టూన్లు వేస్తాడు. పత్రికల తలుపు తట్టి నిలబడకుండా ఇంటర్నెట్‌లో బహుజనుల వేదికల మీద వాటిని పెట్టుకున్నాడు. మన తెలుగు నేల నుంచి వచ్చి, బొమ్మ గీసే చేత్తోనే బొమ్మల మీద విమర్శ రాసినవాడు కాబట్టి ఆయన గురించి కొంచెం నిదానంగా చెప్తాను.

2012లో పార్లమెంటులో ఒక కార్టూను మీద గొడవైంది. 1949లో శంకర్ వేసిన కార్టూను. రాజ్యాంగ రచన ఒక నత్త. దాని మీద అంబేద్కర్ కొరడా పట్టుకుని కూర్చున్నాడు. వెనకాల నెహ్రూ కొరడా ఎత్తి ఉన్నాడు. జనం చుట్టూ చేరి చూస్తున్నారు. కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ దాన్ని పదకొండో తరగతి పుస్తకంలో పెట్టింది. గొడవ తర్వాత తీసేస్తామన్నారు. నేనప్పుడు టీచరు ఉద్యోగం కోసం చదువుకుంటున్నాను. రూములో స్నేహితులు, మంచివాళ్లే, నన్నడిగినారు. "కార్టూను కదరా, నవ్వలేరా మీరు? నెహ్రూ కొట్టేది నత్తని గదా!" నాకు కడుపులో మంట తెలుస్తావుంది గానీ నోట్లో మాట రాలేదు. ఒక్క బొమ్మని ముందు పెట్టి వాదించమంటే ఎవరికైనా కష్టమే.

2019లో నవయాన ప్రచురించిన శ్యామసుందర్ ఇంగ్లీషు పుస్తకం ఆ మాట ఇచ్చింది. 1932 నుంచి 1948 దాకా ఇంగ్లీషు పత్రికలు అంబేద్కర్ మీద వేసిన కార్టూన్లు వందకు పైగా వెతికి తీసి, ఒక్కోదాని పక్కన ఆనాటి సంగతేమిటో, ఆ గీత ఏం చేస్తోందో రాశాడు. ఇది నవ్వులాట కాదు అనేదే ఆ పుస్తకం పేరుకి అర్థం. పేజీలు తిప్పుతా పోతే ఆయన చిన్నపిల్లవాడుగా కనిపిస్తాడు, చీర కట్టిన ఆడమనిషిగా కనిపిస్తాడు. పక్కనున్న నాయకులేమో నిలువెత్తుగా ఉంటారు. ఒక్క బొమ్మ అయితే అది కార్టూనిస్టు సరదా అనుకోవచ్చు. పదహారేండ్ల పాటు వేర్వేరు చేతులు ఒకే మనిషిని ఒకే తీరున కుదిస్తా ఉంటే అది సరదా కాదు, అలవాటు. కులం అంటేనే అలవాటు. శ్యామసుందర్ మనకి నేర్పింది ఇది: బొమ్మని విడిగా చదవకండి, వరసలో పెట్టి చదవండి.

నాకు ఒక అసంతృప్తి ఉంది, అదీ చెప్తాను. ఆ పుస్తకం చేతిలో పట్టుకుంటే, పక్కనున్న రాత చదివే ఓపిక లేనివాడికి ఆ వంద అవమానాలే మళ్లీ కనపడతాయి. రాత అడ్డం నిలబడి కాపాడాలి. చదువు రానివాళ్ల చేతిలో పడితే? మా అమ్మ చేతిలో పడితే? కాబట్టి వాళ్ల బొమ్మల్ని విప్పి చూపించడం సగం పని. మన బొమ్మ మనం వేసుకోవడం మిగతా సగం.

*

ఆ మిగతా సగానికి దగ్గరగా వచ్చిన పుస్తకం 'భీమాయన'. 2011లో వచ్చింది. మాటలు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ రాశారు. బొమ్మలు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం వేశారు. వాళ్లు మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు. ఇంటి గోడ మీద, నేల మీద బొమ్మలు వేసుకునే జాతి నుంచి వచ్చిన చేతులవి. గోడ మీది బొమ్మ కాగితంలోకి నడిచి వచ్చి అంబేద్కర్ కథ చెప్పింది.

మామూలు కామిక్సు పుస్తకంలో పేజీని డబ్బాలు డబ్బాలుగా కోస్తారు. వ్యాం దంపతులు ఆ డబ్బాలు వద్దన్నారు. మనుషుల్ని పెట్టెల్లో బిగించడం వాళ్లకి నచ్చలేదు. ఊరి చివర గిరి గీసి మనల్ని పెట్టిన దేశంలో ఆ నిర్ణయం చిన్నదేం కాదు. ఇంకొకటి, మాటల బుడగలు. నొప్పి తెలిసినవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం నోరు విప్పితే ఆ బుడగకి తేలు తోక ఉంటుంది. మొదటి భాగం నీళ్ల గురించి. బడిలో భీమ్ అనే పిలకాయకి దప్పికవుతుంది, జవాను పైనుంచి నీళ్లు పోస్తేనే తాగాలి. అది చూసినప్పుడు నా మోచేతి మీద రంగునీళ్లు కారినట్టయింది.

ఈ పుస్తకం మీద కూడా నాకొక పేచీ ఉంది. కథంతా బస్టాపులో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు నడుస్తుంది. రిజర్వేషన్ల మీద విసుక్కునే ఒక యువకుడికి ఒకామె విడమరిచి చెప్తుంది. అంటే పుస్తకం ఎదురుగా ఎవర్ని కూర్చోబెట్టుకుంది? వాణ్ణి. మనల్ని కాదు. మనకి జరిగింది వాడికి నమ్మించడం కోసం సాక్ష్యం పోగు చేస్తోంది. ఆ పని అవసరమే, కాదనను. అయితే మన పిల్లలకి ఆ సాక్ష్యం అక్కర్లేదు. వాళ్లకి కావలసింది, జరిగిన దానితో ఏం చేయాలన్నది.

నేనిప్పుడు కుప్పం పక్క ఒక సర్కారు బడిలో పని చేస్తున్నాను. తెల్లారకముందే పిల్లల అమ్మానాన్నలు కుప్పం స్టేషన్లో బెంగళూరు బండెక్కుతారు. కొందరు గ్రానైటు క్వారీలకి, మల్బరీ తోటలకి పోతారు. నేను భీమాయనని తొమ్మిదో తరగతి పిల్లలకి చూపించినాను. ఇంగ్లీషు మాటలు నేను చెప్తా ఉంటే వాళ్లు బొమ్మలు చదివినారు. ముందు జంతువుల్ని లెక్కబెట్టినారు. తర్వాత ఒక పాప అడిగింది, "సార్, ఈ మాటలకే ఎందుకు తోకుండాది?" నేను జవాబు చెప్పేలోపలే వెనక బెంచీ వాడు చెప్పేసినాడు, "కుట్టేదానికి."

శరద్ శర్మ ఢిల్లీలో నడిపిన వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్లు ఒక పద్ధతి ప్రచారం చేశారు. 2007లో ఫిన్లాండు మనిషి లీఫ్ పకాలెన్‌తో కలిసి దాని మీద పుస్తకం కూడా రాశాడు. రెండు ఎ4 కాగితాలు అంటించు. నాలుగు గళ్లు గీయి. నీ బతుకులో జరిగిన ఒక కథ నాలుగు బొమ్మల్లో చెప్పు. అసలుది దగ్గర పెట్టుకుని జిరాక్సులు తీయించు. టీ అంగడి గోడకి, బస్టాపుకి, పంచాయతీ ఆఫీసుకి అంటించు. ప్రెస్సు అక్కర్లేదు, ఎడిటరు అక్కర్లేదు, బొమ్మలు నేర్చిన చెయ్యి కూడా అక్కర్లేదు. దీన్ని నేను పిల్లలకి నేర్పినాను. ఆ తోక గురించి అడిగిన పాప వేసిన నాలుగు బొమ్మల్ని ఇక్కడ విమర్శకుడుగా చదువుతాను.

మొదటి గడిలో అవ్వ టీ అంగడి ముందు నిలబడి ఉంది. రెండో గడిలో లోపల బెంచీ మీద కూర్చున్నవాళ్ల చేతుల్లో గాజు గ్లాసులు, బయట అవ్వ చేతిలో కాగితం గ్లాసు. ఒకప్పటి రెండు గ్లాసుల పద్ధతి ఇప్పుడు ఇట్లా బతుకుతోంది. మూడో గడిలో మనవరాలు గాజు గ్లాసు అడుగుతుంది. అంగడాయన, "గ్లాసులు కడగలేదు పాపా" అంటాడు. నాలుగో గడిలో మరుసటి దినం మనవరాలు ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెచ్చి చాపుతుంది. దాని మీద అవ్వ పేరు కొట్టించి ఉంది. ఆ గడిలో మాటలు లేవు.

పిల్ల చెయ్యి. బెంచీ కాళ్లు వంకర. అవ్వ తల పెద్దది. కానీ మూడో గడి చూడండి. "గ్లాసులు కడగలేదు పాపా" అనే మాటకి ఆ పిల్ల తేలు తోక పెట్టింది. భీమాయనలో తోక ఉన్నది కటువైన మాటలకి. ఈ పిల్ల తియ్యటి మాటకి పెట్టింది. మొహం కూడా నవ్వుతా ఉన్నట్టు వేసింది. కారంచేడు (1985), చుండూరు (1991) నాటి కులం గొడ్డలి పట్టుకుని వచ్చింది. అది ఇంకా పోలేదు. దాంతోపాటు మా పిల్లలు దినమూ చూసే కులం "పాపా" అని పిలిచి మరీ కుడుతుంది. ఆ తేడాని పద్నాలుగేండ్ల పిల్ల ఒక్క గీతలో పట్టుకుంది. నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాలు అంత తక్కువ ఖర్చులో ఆ పని చేయలేదు.

*

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన సంగతి.

పిల్లలు ఆ కాగితాన్ని అంగడి ఎదురుగా బస్సు షెల్టరు గోడకి మైదా గంజితో అంటించినారు. జనం ఆగి చదివినారు. కొందరు నవ్వినారు. అంగడాయన ఏమీ అనలేదు. సాయంత్రం ఊరి పెద్దమనుషులిద్దరు నా దగ్గరికి వచ్చినారు. అరవలేదు, తిట్టలేదు. "సారూ, మీరు శానా మంచోళ్లు. మీ మంచి కోసరమే చెప్తావుండాము. పిలకాయలకి సదువు చెప్పండి. ఇట్లాంటివి పైకి పోతే మీ ఉద్యోగానికే గదా ఇబ్బంది?" అన్నారు. నేను తలూపినాను.

ఆ రాత్రి తొమ్మిది దాటినాక పోయి ఆ కాగితాన్ని చించింది ఊరోళ్లు కాదు. నేను.

గంజి బాగా పట్టింది. గోటితో గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. అవ్వ తల మాత్రం రాలేదు, గోడకే ఉండిపోయింది. పొద్దున పిల్లలు చూసి ఊరోళ్లే చించినారనుకున్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. ఆ పాప మాత్రం నా కుడిచేతి గోళ్ల సందున ఎండిన గంజిని చూసింది. ఏమీ అడగలేదు. పెద్దమనుషులు నాతో మాట్లాడిన మాటలకి తోక ఉండిందని నాకు అప్పుడు తట్టింది. పిల్లకి కనిపించింది నాకు కనిపించలేదు.

మా చిన్నాయన ఎవరి గోడ మీదనో ఎవరి గుర్తో రాసి బతికినాడు. నేను ఎవరి గోడనో శుభ్రం చేసి ఉద్యోగం కాపాడుకున్నాను. చిన్నాయనకి వేరే దారి లేదు. నాకు ఉండింది.

2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టలు నుంచి వెలేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఏం చేశారో గుర్తు చేసుకోండి. పరుపులు, అంబేద్కర్ పటం మోసుకుని బయటికి వచ్చారు. షాపింగు కాంప్లెక్సు దగ్గర మహనీయుల బొమ్మల ఫ్లెక్సీలనే గోడలుగా కట్టుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకుని, చలిలో అక్కడే పడుకున్నారు. జనవరి 17న రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. మా చిన్నాయన కుంచెని ఓడించిన ఫ్లెక్సీనే ఆ పిల్లలు గోడగా మార్చారు. గోడ లేనివాళ్లు బొమ్మనే గోడ చేసుకున్నారు. మన కళాశాస్త్రం రాసుకోవాలంటే అక్కడ మొదలుపెట్టాలి. బొమ్మ అందంగా ఉందా అని తర్వాత అడుగుదాం. ఆ బొమ్మ మనిషి వీపుకి ఆనుకోను ఉందా, చలికి అడ్డం నిలబడిందా అని ముందు అడుగుదాం.

ఈ లెక్కన చూస్తే శ్యామసుందర్ మనకి చూపునిచ్చాడు. వ్యాం దంపతులు పెట్టె లేని పేజీ ఇచ్చారు. మా బడి పాప మూడోది ఇచ్చింది, తియ్యటి మాట తోకని పట్టుకునే ఒడుపు. ఇవి మూడూ ఒక్కచోట చేరాలి. అది జరగాలంటే అట్ట బొమ్మలు వేసేవాళ్లని, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లని, జిరాక్సు కాగితాల మీద గీసే పిల్లల్ని మనం కవుల పక్కన కూర్చోబెట్టి మాట్లాడాలి. వాళ్ల పేర్లు వాళ్ల బొమ్మల కింద ఉండేట్టు చూడాలి. గోడ దొరక్కపోతే దొరికించుకోవడానికి వాళ్లతో పోవాలి. నాలాంటి చదువుకున్నవాళ్లం రాత్రిపూట గోకడానికి పోకుండా ఉంటే, అది కూడా కొంచెం సాయమే.

నేను ఆ పాపకి నిజం చెప్పినాను. వారం పట్టింది చెప్పేదానికి. ఆమె తిట్టలేదు. "అసలుది నా కాడే ఉండాది సార్" అంది. నోట్సు పుస్తకం అట్టలో భద్రంగా పెట్టుకుంది. జిరాక్సే గదా నేను చించింది.

ఆ ఏప్రిల్ 14న గంజి బకెట్టు నేనే మోసినాను. పట్టపగలు, పదకొండు గంటలకి, అదే షెల్టరు గోడకి. కింద ఆ పిల్ల తన పేరు రాసింది. ఆ పేరు కింద నన్ను కూడా రాయమంది, "అంటించినవారు" అని. చెయ్యి కొంచెం వణికింది గానీ రాసినాను. పెద్దమనుషులు చూసినారు. దానికి జరగాల్సిందేదో జరుగుతుంది, అది వేరే కథ. కాగితం నాలుగు దినాలుంది. ఐదోనాడు మామిడికాయల కాలంలో పడే వాన పడి కారిపోయింది. ఈసారి మనిషి చెయ్యి పడలేదు.